ఎడమ వెనక మూల నట్టు

అక్క జవాబు చెప్పకముందే నేను గన్ను నొక్కాను. ఆ రోజు నేను చేసిన తప్పు అదే. మా అక్క అనసూయ ఎల్బీనగర్‌లో ఒక అపార్ట్‌మెంటులో ఉంటుంది. దాని సెల్లార్‌లో ఒక మూల మా నాయిన కొన్న పాత స్టేషన్ వ్యాగన్ నిలబడి ఉంది. దాని బాడీని కింది ఇనుప చట్రానికి, అంటే చాసికి, బిగించి ఉంచే బోల్టులు విప్పే పనిలో ఉన్నాం మేమిద్దరం. బండి లోపల, వెనక సీటు తీసేసిన చోట అక్క కూర్చుని, ఫ్లోరు రేకులో ఉన్న రంధ్రంలోకి చెయ్యి పెట్టి, నట్టును పానాతో పట్టుకోవాలి. నేను బండి కింద అట్టముక్క మీద వెల్లకిలా పడుకుని బోల్టును తిప్పాలి. ఒకరికొకరం కనిపించం. అందుకే ఆ పనికి మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఒక పద్ధతి ఉంది. కింద ఉన్న మనిషి "పట్టినవా?" అని అడగాలి. పైన ఉన్న మనిషి "పట్టిన" అనాలి. ఆ మాట వినపడ్డాకనే తిప్పాలి. నేను అడగడం అడిగాను. జవాబు కోసం ఆగలేదు. చేతిలో లారీ చక్రాల నట్లు విప్పే బ్యాటరీ గన్ను ఉంది, దాని మీద వేలు ఉంది, వేలు నొక్కేసింది. ఇలా రాస్తే తప్పేదో వేలిదైనట్టు ఉంది. నేనే నొక్కాను.

పైన నట్టూ, దాన్ని సగమే పట్టిన పానా, రెండూ కలిసి గిర్రున తిరిగాయి. పానా అక్క చేతిని రేకు అంచుకేసి కొట్టింది. గన్ను ఆగింది. అక్క అరవలేదు. కాసేపటికి పైనుంచి ఆమె గొంతు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా వచ్చింది.

"నేనింక పట్టనేలేదు, తమ్మీ."

దవాఖానలో ఎక్స్‌రే తీసి, మణికట్టు దగ్గర చిన్న ఎముక చిట్లిందని కట్టు వేశారు. అరచేతి పక్కన రేకు కోసిన చోట కుట్లు పడ్డాయి. ఎలా తగిలిందని డాక్టరమ్మ అడిగితే బాత్‌రూంలో జారిపడ్డానని చెప్పింది అక్క. ఆటోలో తిరిగి వస్తున్నప్పుడు, అట్ల ఎందుకు చెప్పినవని అడిగాను. "ముసల్ది బండి మీద, ముసలోడు బండి కింద, నట్లు విప్పుతున్నరని చెప్తె ఎముకల డాక్టరు కాదు, తలకాయ డాక్టరు దగ్గరికి తోలుతరు" అంది. కొంచెం దూరం పోయాక మళ్లీ అందుకుంది. "గన్నేండ్లు ఇన్సూరెన్సు ఆఫీసుల కూసోని మంది యాక్సిడెంట్ల కాగితాలు చూసినవ్. ఆఖరికి నువ్వే ఒకటి చేసినవ్." నన్ను నవ్వించడానికే అందని తెలుసు. నవ్వితే ఆ దెబ్బ అక్కడితో మాఫీ అయిపోయినట్టే ఉంటుందని నేను నవ్వలేదు. బయట చూస్తూ కూర్చున్నాను. ఆమె కట్టు వేసిన చేతిని ఇంకో చేతిలో, తెలిసినవాళ్ల బిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని కూర్చుంది.

ఈ వయసులో మాకు ఆ పని ఎందుకు వచ్చిపడిందో చెప్పాలి. అక్క అత్తగారి పాత ఇల్లు ఉన్న జాగాలోనే ఇప్పటి అపార్ట్‌మెంటు లేచింది. బిల్డరు ఆమె వాటాకు ఇచ్చిన వాటిలో ఒక ఫ్లాటూ, సెల్లార్‌లో ఒక బండి పట్టే చోటూ ఉన్నాయి. నాయిన బండి ఏళ్లుగా అక్కడ కదలకుండా ఉంది. పిల్లలు దాని దుమ్ము మీద వేళ్లతో పేర్లు రాసుకునేవారు. ఇప్పుడు ఒక్కో ఇంటికి రెండేసి కార్లు. నడవని బండ్లు సెల్లార్‌లో ఉండకూడదని అసోసియేషన్ వాళ్లు అనుకున్నారు. సెక్రటరీ కృష్ణమోహన్ గారు తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, మర్యాదస్తుడు. అక్క ఇంటికి స్వయంగా వచ్చి, నెలాఖరు దాకా చూస్తామని చెప్పి వెళ్లారు. బండి నడిస్తే ఉంటుంది, నడవకపోతే తుక్కుకు పోతుంది. తుక్కు కొనే మనిషి ఒకడు అప్పుడే వచ్చి బానెట్ మీద అరచేత్తో కొట్టి, ఆ చప్పుడుకు తల ఊపి పోయాడు. అతను కొట్టిన తీరు అక్కకు నచ్చలేదు.

అక్క కొడుకు మహేందర్‌కు పెద్ద అంబర్‌పేట్‌లో లారీలున్నాయి. అతని మెకానిక్ వచ్చి ఇంజన్‌తో కుస్తీ పట్టి, చివరికి దాన్ని దగ్గించాడు. ఇంజన్ బతికే ఉంది. కానీ వెనక వైపు చాసి ఒకచోట తుప్పు తిని, గోటితో గిల్లితే పొరలుగా రాలుతోంది. అది అతికిస్తే తప్ప బండి రోడ్డెక్కదు. చంపాపేట్ నుంచి వచ్చిన వెల్డర్, బాడీని వెనకనుంచి జానెడు పైకి లేపి ఇస్తే అతుకు వేస్తానన్నాడు. లేపాలంటే బోల్టులు విప్పాలి. తానే గ్యాస్ కట్టర్‌తో కోసేస్తానని కూడా అన్నాడు. పక్కనే పెట్రోలు ట్యాంకు ఉందని, కోస్తే ఫ్లోరు కూడా పోతుందని అక్క ఒప్పుకోలేదు. మేమే విప్పుకుంటామని అతనికి చెప్పేసింది. మేము అంటే ఎవరో నాకు ఫోన్ వచ్చాక తెలిసింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే ఎల్బీనగర్ మూడో స్టేషన్. పైనుంచి చూస్తే చైతన్యపురి దగ్గర కోచింగ్ సెంటర్ల గోడల మీద ర్యాంకులు వచ్చిన పిల్లల ముఖాలు, హాస్టళ్ల బాల్కనీల్లో ఆరేసిన తువ్వాళ్లు, ఆ తర్వాత ఎడతెగని నీళ్ల ట్యాంకులు. ఆ దారి వెంట ఎక్కడో మా నాయిన ద్రాక్షతోట ఉండేది. ఏ స్తంభం దగ్గర మొదలయ్యేదో ఇప్పుడు సరిగ్గా చెప్పలేను. ద్రాక్షతోట అంటే ఇప్పటివాళ్లకు ఏదో చల్లని మాటలా వినిపిస్తుంది. మాకు అది మందు వాసన. తీగలకు తెగులు రాకుండా మైలుతుత్తం, సున్నం నీళ్లలో కలిపి కొట్టేవారు. ఆ నీలం నాయిన చేతులకు, చెవుల వెనకకు, పంచె అంచుకు, చివరికి తాగే చెంబు మెడకు కూడా అంటుకుని ఉండేది. అమ్మ ఆయన బట్టలు వేరే గంపలో వేసేది, అయినా మా స్కూలు చొక్కాల మీద ఆకాశం రంగు చుక్కలు తేలేవి. కాపు కాలంలో ఇంకో వాసన. పండిపోయిన పళ్ల పులుపు, తడిసిన వరిగడ్డి, పెట్రోలు, ఈ మూడూ కలిసి బండిలో ఏడాది పొడుగునా ఉండేవి. బండి ఎక్కడ ఆగినా కందిరీగలు వచ్చి అద్దాల మీద వాలేవి. నాయిన ఆ స్టేషన్ వ్యాగన్‌ను ఎవరి దగ్గరో పాతదే కొన్నాడు. వెనక సీటు ఊడదీస్తే ద్రాక్ష బుట్టలు వరసగా పడతాయని కొన్నాడు. అందరూ దాన్ని పెద్దబండి అనేవారు. అది కారని నాకు చాలాకాలం తెలియదు.

నాయిన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పొద్దున లేచి ముఖం కడుక్కున్నాక బండి చుట్టూ ఒకసారి తిరిగేవాడు, పశువులను చూసినట్టు. ఆయనకు ఒక అలవాటుండేది. వానలు పోయి, దసరా ఇంకా రాని రోజుల్లో ఒక పూట పెట్టుకుని బండి కింద దూరేవాడు. బాడీ బోల్టులన్నీ ఒక్కొక్కటిగా సగం చుట్టు వదులు చేసి, నూనె పోసి, మళ్లీ బిగించేవాడు. అంతే పని. ఏదీ చెడిపోయి కాదు, ఏదీ మార్చేది లేదు. దాన్ని మా ఇంట్లో నట్లు లేపుడు అనేవారు. ఏడాదికి ఒకసారి లేపకపోతే అవి పండుకుంటాయని, పండుకున్నదాన్ని తర్వాత లేపబోతే విరుగుతుందని ఆయన చెప్పేవాడు. నూనె అంటే గ్యాసునూనెలో, కిరోసిన్‌లో, ఆముదం కలిపేవాడు. గ్యాసునూనె సందుల్లోకి దూరుతుంది, ఆముదం అక్కడే ఉండిపోతుంది. ఆ ఆముదం అమ్మ తలకు పెట్టుకునేది. సీసాలో సగమైందని అమ్మ ఏటా గొణిగేది, ఆయన ఏటా విననట్టు ఉండేవాడు. ఆ పూట మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు బండి దగ్గరికే వచ్చేవి. ఆయన చేతులు కడుక్కున్నా రొట్టెకు గ్యాసునూనె వాసన అంటేది. ఇప్పుడు ఆ వాసన ఎక్కడా దొరకదు. మొన్న అక్క డీజిల్లో ఆముదం కలిపి చూసింది. రెండు నిమిషాలు వాసన చూసి, కాదు అంది.

ఆ బండిలో ప్రతి నట్టూ ఫ్లోరు మడతలో ఒక రేకు గూడులో కూర్చుని ఉంటుంది. గూడు గట్టిగా ఉంటే కిందనుంచి బోల్టు తిప్పితే చాలు, నట్టు కదలదు. గూడు తుప్పు పట్టి ఊడితే బోల్టుతో పాటు నట్టూ తిరుగుతుంది. అప్పుడు పొద్దుగూకేదాకా తిప్పినా అది విడిపోదు. ఎడమ వెనక మూలనున్న గూడు మా చిన్నప్పుడే పోయింది. బుట్టల్లోంచి కారిన పళ్ల రసం అంతా ఆ మూలకే చేరేది. అందుకని ఆ ఒక్క నట్టుకు ఒక మనిషి పైన కూర్చుని, రంధ్రంలో చెయ్యి పెట్టి, పట్టుకోవలసి వచ్చేది. చిన్నచెయ్యి కావాలని మొదట నన్నే ఎక్కించారు. లోపల ఉక్కగా ఉంది. పానా నట్టు మీద కూర్చోవడం లేదు. బయట నా దోస్తులు గోటీలాడుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాయిన కిందినుంచి "పట్టినవా?" అన్నాడు. పట్టిన అన్నాను. పట్టలేదు. నట్టు తిరిగింది, నాయిన చేతిలో పానా జారి వేళ్ల కణుపులు చాసికి కొట్టుకున్నాయి. ఆయన బయటికి వచ్చి, లేచిన తోలు చూసుకుని, దాని మీద గ్యాసునూనె చుక్క వేసుకున్నాడు. నన్ను ఏమీ అనలేదు. అక్కను పిలువమన్నాడు. నేను పిలిచి, గోటీలాటకు పోయాను. ఆ పోవడంలో నాకు సంతోషం తప్ప ఇంకేమీ లేదని నిజాయితీగా చెప్పాలి.

ఆ ఏటినుంచి ఆ నట్టు అక్కదైంది. నట్టుతో పాటు బండి కూడా మెల్లగా ఆమెదైంది. ఏ బోల్టు ఎక్కడ మొండికేస్తుందో, ఏ రబ్బరు ఎప్పుడు నలిగిందో నాయిన తర్వాత ఆమెకే తెలుసు. తీగల మధ్య దారిలో ఆయన ఆమెకు డ్రైవింగు నేర్పాడు. కాపు రోజుల్లో తెల్లవారుజామున బుట్టలెత్తి, ఆయన పక్కన కూర్చుంటే, అక్క బండి నడుపుకుంటూ మార్కెట్టుకు పోయేది. రెండు జడలు, మోచేతులదాకా నీలం. ఆడపిల్లకు స్టీరింగు ఏందని ఊళ్లో ఒకరిద్దరు అన్నారు. నట్టు పట్టేటోళ్లే స్టీరింగు పడతరని నాయిన వాళ్లకు చెప్పాడట. నేను ఇంటరు చదువుతూ, ఆ సమయంలో నిద్రపోతూ ఉండేవాణ్ని. అక్క పెళ్లయి అత్తగారింటికి పోయాక ఆమె చేతికి ఏ బండీ రాలేదు. అక్కడ బండ్లు లేక కాదు. ఆ ఇంట్లో అది అడగవలసిన విషయంగా ఎవరికీ అనిపించలేదు, ఆమె అడగలేదు.

నాయిన పోయాక బండి నాకు వచ్చింది. కొడుకుకు రావడం మామూలే కాబట్టి దాని గురించి మాటే రాలేదు. నేను దాన్ని దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి ముందు పెట్టి, టార్పాలిన్ కప్పాను. మొదటి ఏడు దసరా ముందు నట్లు లేపాలని అనుకున్నాను. ఆఫీసులో పని ఉంది. తర్వాతి ఏడు అనుకోను కూడా లేదు. టార్పాలిన్ చిరిగితే కొత్తది కప్పి, బండిని బాగా చూసుకుంటున్నానని అనుకునేవాణ్ని. ఆ కప్పు కిందే చెమ్మ నిలిచి అంతా తుప్పెక్కింది. ఇంటి మీద ఇంకో అంతస్తు వేసినప్పుడు, కిరాయివాళ్ల స్కూటర్లకు చోటు కావలసి వచ్చింది. అక్కకు ఫోన్ చేసి, నీ దగ్గర పెట్టిస్తానని చెప్పాను. తీసుకురమ్మంది. లారీకి కట్టి లాక్కుపోయారు. నేను వెంట పోలేదు. బండి దించిన రోజే అక్క వెనక తలుపు తీసి, లోపల కూర్చుని, ఆ మూల రంధ్రంలో చెయ్యి పెట్టి చూసిందని ఈ మధ్య మహేందర్ చెప్పాడు. ఏం చూసిందో అతనికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

అందుకే ఫోన్ రాగానే కాదనలేదు. పొద్దున్నే మెట్రో ఎక్కి పోయేవాణ్ని. పని పంచింది అక్కే. "నువ్వు కింద పండు. మీద ఓపిక కావాలె, నీతోని కాదు" అంది. బోల్టులన్నింటికీ సాయంత్రం నూనె పోసి, పొద్దున ముట్టుకునేది. ఏదీ ఒక్కసారిగా ఊడదీయనిచ్చేది కాదు. ముందు వెంట్రుకంత బిగించమనేది, తర్వాత వెంట్రుకంత వదలమనేది, మళ్లీ నూనె. "గుంజితె రాదు తమ్మీ. జర లోపల్కి పోనియ్యి, అదే ఒస్తది." అలాగే వచ్చాయి, ఒక్కొక్కటే, కొన్ని కీచుమంటూ, కొన్ని చప్పుడు లేకుండా. ఆమె వాటిని కడిగి, గుడ్డలో చుట్టి, ఏది ఏ మూలదో గుడ్డకు ముడి వేసి గుర్తు పెట్టింది. చివరికి ఎడమ వెనక మూల ఒక్కటే మిగిలింది. అది రోజులు గడిచినా కదల్లేదు. నాకు నడుము నొప్పి, నెలాఖరు దగ్గరపడుతోంది, రోజూ పోయి ఒక బోల్టు ముందు పడుకుని రావడం విసుగనిపించింది. మహేందర్‌కు చెబితే లారీ షెడ్డులో గన్నుందని, రెండు నిమిషాల పని మామా అని నవ్వాడు. నేను దాన్ని సంచిలో పెట్టి తెచ్చాను. అక్కకు చెప్పలేదు. చెబితే వద్దంటుందని తెలుసు కాబట్టే చెప్పలేదు. ఆమె పైన పానా సర్దుకుంటూ, నా చెయ్యి ఎప్పటిలాగే వెంట్రుకంత తిప్పుతుందని అనుకుంటోంది. "పట్టినవా?" అని అడగడం కూడా నేను అలవాటుతో అడిగాను. అది ప్రశ్న అని ఆ నిమిషంలో నాకు గుర్తులేదు.

కట్టు వేయించి తెచ్చాక నేను సెల్లార్‌లోకి పోయి చూశాను. నట్టు మూలలన్నీ గుండ్రంగా అరిగాయి, పానా ఇక పట్టదు. రంధ్రం అంచు రేకు చిరిగి పైకి లేచింది. దాని మీద రక్తం మరక. బోల్టు అంత దెబ్బకూ విడిపోలేదు. నట్టును పట్టుకునే ఉంది, ఇద్దరూ కలిసి ఊరికే తిరుగుతున్నారు. మనిషి తొందర దానికేమీ తెలియదు. నేను గుడ్డతో మరక తుడిచి, గన్ను తీసుకుని, ఆ సాయంత్రమే పెద్ద అంబర్‌పేట్ పోయి మహేందర్‌కు ఇచ్చేశాను. వాళ్లమ్మ చెయ్యి ఎలా విరిగిందో నేనే చెప్పాను. బాత్‌రూం అని అప్పటికే ఆమె ఫోన్లో చెప్పింది. అతను కాసేపు టైర్ల వైపు చూశాడు. "నేనియ్యకపోదును మామా" అన్నాడు. నువ్వు ఇచ్చింది తప్పు కాదని చెప్పాను. అతను ఆ మాట ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు.

మర్నాడు కృష్ణమోహన్ గారి తలుపు కొట్టాను. ఆయన పేపరు మడిచి, కాఫీ తెప్పించారు. జరిగింది చెప్పి, ఆలస్యానికి కారణం అక్క కాదు, నేనని, కట్టు విప్పేదాకా గడువు కావాలని అడిగాను. ఇంతకు ముందు ఈ విషయం గురించి నేను ఆయన ముఖం కూడా చూడలేదు. అది అక్క తలనొప్పి అనుకున్నాను.

"నాకు ఆవిడ మీద కోపం ఏముంటుందండీ" అన్నారాయన. "నలుగురూ నన్ను అడుగుతున్నారు. ఇంతకీ అది నడుస్తుందంటారా? నిజం చెప్పండి."

తెలియదని చెప్పాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ మాట ఎదుటివాళ్లతో అంత తేలిగ్గా అన్న గుర్తు లేదు. నడుస్తుందని చెప్పుంటే నమ్మేవాణ్ని కాదండీ, అని, కట్టు విప్పేదాకా మిగతావాళ్లను తాను ఆపుతానన్నారాయన. ఆ మూల తన స్కూటరు ఉంటుందని, బండి లేచి దాని మీద పడకుండా చూడమని మాత్రం అడిగారు.

ఆ తర్వాత నేను చేసింది ఒకటే పని. బాడీకీ చాసికీ మధ్య రబ్బరు బిళ్ల ఉండవలసిన చోట సన్నని సందు ఉంది. రబ్బరు ఎప్పుడో పొడి అయిపోయింది. ఆ సందులోంచి బోల్టు నడుము కనిపిస్తుంది. ఇనుము కోసే రంపం పిడి అందులో పట్టదు. ఒట్టి బ్లేడు పడుతుంది. ట్యాంకు పక్కనే కాబట్టి మెషిన్ పెట్టడానికి లేదు. బ్లేడుకు ఒక చివర గుడ్డ చుట్టి, అట్టముక్క మీద పడుకుని, వేళ్లతో ముందుకీ వెనక్కీ లాగడం మొదలుపెట్టాను. రోజూ పోయేవాణ్ని. పొద్దున మెట్రోలో నిలబడ్డ పిల్లల బ్యాగుల మధ్య నా సంచిలో బ్లేడ్లు, నూనె సీసా. అక్క కిందికి దిగి, పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కట్టు చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. "గీత పడ్డదా?" అని అడిగేది. పడిందంటే "గంతేనా" అనేది. ఒకరోజు, ఇట్ల కోస్తె నా మనుమరాలి పెండ్లి నాటికి అయితది, అంది. ఆమె మనుమరాలు ఇంకా ఐదో తరగతి. చెయ్యి నొప్పి ఉందా అని అడిగితే, ఉందని చెప్పింది. ఆమె ఎప్పుడూ లేదనే అనేది. ఉందనడం నాకు కొంచెం మేలుగా అనిపించింది.

ఒకసారి కిందినుంచే, ఆమె ముఖం చూడనక్కర్లేదు కాబట్టి, బండి నాకు వచ్చిన రోజు నీకేమనిపించిందని అడిగాను. నేను బ్లేడు ఆపాను. ఆమె ఆలోచించి చెప్పింది. "నీకు బండి ఇచ్చుడు బాధ కాదు. నాయిన పోయినంక మొదటి దసరాకు నువ్వు పిలుస్తవనుకున్న. నట్టు పట్టనీకి." నేను పిలవలేదు. ఆ ఏడు ఆఫీసులో పని ఉందని పైన రాశాను. నిజానికి అక్కను పిలిస్తే అది ఆమె బండని ఒప్పుకున్నట్టు అవుతుందని నాకు లోపల ఎక్కడో తెలుసు. ఆ మాట ఆమెకు చెప్పాను. ఆమె "ఊ" అంది. కోసుకోమంది.

బోల్టు ముప్పావు వంతు తెగాక బ్లేడుతో పాటు తిరగడం మొదలైంది. పైన నట్టును ఎవరైనా అదిమిపట్టాలి. మహేందర్‌ను పిలుద్దామన్నాను. అక్క వినలేదు. అరిగిన నట్టును కూడా కరిచిపట్టే గ్రిప్ ప్లయర్ అడిగి, నా భుజం ఆసరాతో బండి ఎక్కి, ఎడమచేత్తో రంధ్రంలోకి దించింది. నేను కిందికి దూరి, బ్లేడు సందులో పెట్టి, "పట్టినవా?" అన్నాను. జవాబు రాలేదు. పైన ఇనుము ఇనుముకు రాసుకుంటున్న చప్పుడు. ఎడమచెయ్యి అలవాటు లేని చెయ్యి. బయట వాచ్‌మన్ ఎవరిదో కారు కడుగుతున్నాడు, ఆ నీళ్లు సన్నగా పారుతూ నా అట్టముక్క అంచుదాకా వచ్చి తడిపాయి. మళ్లీ అడగాలనిపించింది. అడగలేదు. "పట్టిన" అని వినపడ్డాక బ్లేడు కదిపాను. కొంతసేపటికి బోల్టు ముక్క నా ఛాతీ మీద పడింది. వేడిగా ఉంది.

వెల్డర్ వచ్చి, బాడీ లేచాకనే చేతికి అందిన పెట్రోలు ట్యాంకును ముందు దించి, అతుకు వేశాడు. కొత్త రబ్బర్లు, కొత్త బోల్టులు వచ్చాయి. చిరిగిన రంధ్రం అంచు సుత్తితో సమం చేసి, నేనే గరుకు కాగితంతో రుద్దాను, ఇంకెవరి చెయ్యీ కోసుకోకుండా. అక్క కట్టు విప్పిన వారానికి అన్నీ తిరిగి బిగించే రోజు వచ్చింది. ఎడమ వెనక మూలకు గూడు ఇప్పటికీ లేదు. మళ్లీ ఒకరు పైన పట్టుకోవాలి, ఒకరు కింద తిప్పాలి. ఇక పైకి నేనెక్కుతానని చెప్పాను. అక్క నన్ను కాసేపు చూసింది. తర్వాత చీర కుచ్చెళ్లు దోపుకుని, అట్టముక్క మీద కూర్చుంది. పండుకునుడు అల్కగనే ఉంటది, లేసుడే కష్టం, మహేందర్‌కు ఫోన్ చేసి పెట్టు, అట్టతోనే గుంజుతడు, అని చెప్పి కిందికి దూరింది.

నేను లోపల కూర్చున్నాను. సెల్లార్‌లో కూడా ఉక్కగానే ఉంది. రంధ్రంలో చెయ్యి పెడితే మోచెయ్యి దాకా పోలేదు, నా చెయ్యి లావు. పానా నట్టు మీద కూర్చోవడానికి మొదట ఒప్పుకోలేదు. కింద ఆమె ఊపిరి వినిపిస్తోంది, పానా బోల్టు తలకు తగిలిన చప్పుడు వినిపిస్తోంది.

"పట్టినవా?" అంది అక్క.

పానా నట్టు మీద పూర్తిగా దిగిందో లేదో వేలితో తడిమి చూశాను. ఇంకోసారి తడిమాను. అప్పుడు పట్టిన అన్నాను.